లద్దాఖ్ ఎరుపు అరోరాయేనా? నేల మీది పరికరాలు ఆ వెలుగును ఎలా కొలుస్తాయి

2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లే నుంచి తీసిన ఫొటోల్లో ఉత్తరం వైపు ఆకాశం ఎర్రబారి కనిపించింది. 2003 అక్టోబరు తర్వాత వచ్చిన మొదటి జి5 స్థాయి, అంటే అత్యంత తీవ్ర స్థాయి, భూ అయస్కాంత తుపాను అది. అదే ఏడాది అక్టోబరు 10న ఇంకో పెద్ద తుపాను వచ్చింది, మళ్లీ అలాంటి ఫొటోలే వచ్చాయి. ఇవి వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా మన దగ్గర మూడు ప్రశ్నలు లేస్తున్నాయి. హనుమకొండలో డాబా ఎక్కితే మనకూ కనిపిస్తుందా? ఫొటోలో అంత ఎర్రగా ఉన్నది అక్కడే నిలబడ్డవాళ్ల కంటికి సరిగా ఎందుకు ఆనలేదు? అసలు అది ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు అరోరాయేనా, వేరే ఏదైనానా?

మొదటి రెండూ చిన్న లెక్కతో తేలిపోతాయి. మూడోదే చిక్కు. ఫొటో ఎంత బాగా వచ్చినా దాన్ని తేల్చలేదు. వెలుగును తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి, ఒక్కోదాంట్లో ఎంత ఉందో లెక్కపెట్టే పరికరాలు కావాలి. నార్వే, కెనడా, అంటార్కిటికాల్లో అవి దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. అవి ఏం కొలుస్తాయో, ఎక్కడ బోల్తా పడతాయో చూస్తే లద్దాఖ్ వాదన ఎందుకు తెగడం లేదో కూడా తెలుస్తుంది.

## మూడు గీతలు, మూడు ఎత్తులు

సూర్యుడి నుంచి వచ్చే ఆవేశిత కణాల ప్రవాహం భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపినప్పుడు, ఆ క్షేత్రంలో చిక్కుకుని ఉన్న ఎలక్ట్రాన్లు వేగం పుంజుకుని క్షేత్ర రేఖల వెంట కిందికి దిగుతాయి. సూర్యుడి కణాలే నేరుగా వచ్చి ధ్రువాల మీద పడతాయన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ, రాత్రిపూట కనిపించే అరోరాలో ఎక్కువ భాగం అలా పుట్టేది కాదు. దిగిన ఎలక్ట్రాన్లు 100 నుంచి 300 కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ పరమాణువులనూ నైట్రోజన్ అణువులనూ గుద్దుతాయి. దెబ్బ తిన్న పరమాణువు పై శక్తి స్థాయికి ఎక్కి, మళ్లీ దిగేటప్పుడు ఒక ఫోటాన్‌ను వదులుతుంది. ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి దిగిందన్నదాన్ని బట్టి ఆ ఫోటాన్ తరంగదైర్ఘ్యం స్థిరంగా ఉంటుంది. వర్ణపటంలో అది సన్నని గీత.

అరోరా పరిశోధనలో ఎక్కువ పని మూడు గీతలతోనే నడుస్తుంది. ఆక్సిజన్ ఆకుపచ్చ గీత 557.7 నానోమీటర్ల దగ్గర, ఆక్సిజన్ ఎరుపు గీత 630.0 దగ్గర, ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న నైట్రోజన్ అణువు ఇచ్చే నీలి పట్టీ 427.8 దగ్గర ఉంటాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ 1860లలోనే ఆకుపచ్చ గీతను వర్ణపటంలో చూశాడు. అది ఏ మూలకానిదో మాత్రం అర్ధ శతాబ్దం దాటినా తెలియలేదు. 1925లో కెనడాలో మెక్‌లెనన్, ష్రమ్ దాన్ని ప్రయోగశాలలో పుట్టించి ఆక్సిజన్‌దేనని చూపించారు.

అంత ఆలస్యానికి కారణం ఆ గీత స్వభావంలోనే ఉంది. ఆకుపచ్చ ఫోటాన్‌ను వదలడానికి ఉత్తేజిత ఆక్సిజన్‌కు సగటున 0.7 సెకను పడుతుంది. ఎరుపు ఫోటాన్‌కైతే దాదాపు 110 సెకన్లు. అంతసేపటిలో ఇంకో అణువు వచ్చి తగిలితే ఆ శక్తి వెలుగుగా మారకుండానే పోతుంది. నేల మీది గాలిలో ఒక అణువును సెకనుకు వందల కోట్ల సార్లు వేరే అణువులు గుద్దుతుంటాయి, కాబట్టి ఇక్కడ ఈ గీతలు పుట్టే అవకాశమే లేదు. 200 కిలోమీటర్ల పైన గాలి బాగా పలుచన, అందుకే ఎరుపు అక్కడ బతుకుతుంది. ఆకుపచ్చ 100 నుంచి 150 కిలోమీటర్ల మధ్య గట్టిగా వెలుగుతుంది. నీలి పట్టీకి ఈ నిరీక్షణ లేదు. గుద్దుకున్న వెంటనే వెలుగు వచ్చేస్తుంది.

పరికరాలవాళ్లకు ఇందులో ఒక పని సూత్రం దొరుకుతుంది. అరోరా సెకనుకు పదిసార్లు మినుకుమంటుంటే దాన్ని 427.8లో చూడాలి. 557.7 కొంత మసకబారుస్తుంది. 630.0లో ఆ మినుకు పూర్తిగా చెరిగిపోతుంది, ఎందుకంటే రెండు నిమిషాల కింద పడ్డ దెబ్బల వెలుగు కూడా అందులో కలిసే ఉంటుంది.

## ఫొటోకు ఎరుపు, కంటికి బూడిద

చీకట్లో మన చూపు కంటిలోని కడ్డీ కణాల మీద నడుస్తుంది. వాటి సున్నితత్వం 507 నానోమీటర్ల దగ్గర శిఖరానికి చేరి, 630 దగ్గరికి వచ్చేసరికి దాదాపు అడుగంటుతుంది. పైగా కడ్డీ కణాలకు రంగు తెలియదు. కెమెరా పది, ఇరవై, ముప్పై సెకన్లు షట్టర్ తెరిచి పెట్టి వెలుగును కూడబెడుతుంది. హాన్లేలో ఉన్నవాళ్లకు లేత బూడిద మబ్బులా తోచింది ఫొటోలో కుంకుమ రంగులో రావడం మోసమేమీ కాదు.

కెమెరాకూ ఒక లోపం ఉంది. దాని ఎరుపు పిక్సెల్ సుమారు 580 నుంచి 700 వరకూ ఏది వచ్చినా ఒకే ఖాతాలో వేస్తుంది. ఆక్సిజన్ 630.0, హైడ్రోజన్ 656.3, నైట్రోజన్ ఎరుపు పట్టీలు, దూరపు ఊరి దీపాలు అన్నీ కలిసి ఒకే ఎరుపు. తగవు తేలకపోవడం ఇక్కడే మొదలవుతుంది.

## వరంగల్ నుంచి కనిపించాలంటే ఎక్కడ వెలగాలి: లెక్క

భూమి గుండ్రం కాబట్టి ఎంత ఎత్తున వెలిగితే అంత దూరం నుంచి కనిపిస్తుంది. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు, ఎరుపు వెలుగు ఎత్తు 400 కిలోమీటర్లు అనుకుందాం. 6371ని 6771తో భాగిస్తే 0.941. ఏ కోణానికి కొసైన్ అంత అవుతుందో అదే క్షితిజం దాకా దూరం: 19.8 డిగ్రీలు. 110 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఆకుపచ్చకు ఇదే లెక్క 10.6 డిగ్రీలే ఇస్తుంది.

ఇది క్షితిజానికి ఆనుకుని ఉన్న వెలుగు సంగతి. అక్కడ దుమ్ము, పొగమంచు, దీపాలు ఉంటాయి. కనీసం 10 డిగ్రీల పైకి కనబడాలంటే ఎరుపు 12 డిగ్రీల లోపే ఉండాలి. వరంగల్ అక్షాంశం 18. దానికి 12 కలిపితే 30 డిగ్రీలు, అంటే ఢిల్లీ దాటి డెహ్రాడూన్ దగ్గర ఆకాశం. ఎర్రటి కిరణాలు 600 కిలోమీటర్ల ఎత్తుకు లేచాయనుకున్నా శ్రీనగర్ నెత్తిమీదికి రావాలి. 2024 మేలో లద్దాఖ్ వాళ్లకే అది ఉత్తర దిక్కున కిందుగా కనిపించింది తప్ప తల మీదికి రాలేదు. అందుకే వరంగల్ డాబా మీద నిరాశే.

అమెరికాలో 40 డిగ్రీల అక్షాంశం వాళ్లకు అప్పుడప్పుడైనా కనిపిస్తుంటే మనకెందుకు కాదన్నదానికి కారణం అయస్కాంత అక్షాంశం. భూ అయస్కాంత అక్షం ఉత్తరాన కెనడా వైపు ఒరిగి ఉంది. ఆ ఒరుగుడు వల్ల 42 డిగ్రీల మీదున్న చికాగో అయస్కాంత లెక్కలో 51 అవుతుంది. 32.8 మీదున్న హాన్లే సుమారు 24కు, 18 మీదున్న వరంగల్ సుమారు 10కి పడిపోతాయి. మామూలు రోజుల్లో అరోరా వలయం, అంటే ధ్రువం చుట్టూ అరోరా వెలిగే పట్టీ, 65 నుంచి 70 అయస్కాంత డిగ్రీల మధ్య ఉంటుంది. 1872 ఫిబ్రవరి 4 తుపాను రాత్రి బొంబాయిలో అరోరా కనిపించినట్టు నమోదులున్నాయి కాబట్టి పూర్తిగా అసాధ్యమని అనలేం. కానీ అలాంటివి శతాబ్దానికో, అంతకంటే అరుదుగానో వస్తాయి.

## రేలీ: వెలుగుకు కొలమానం

ఆకాశంలో పరుచుకున్న వెలుగుకు వాట్లు, లక్స్‌లు నప్పవు. అందుకే 1956 నుంచి రేలీ అనే కొలమానం వాడుతున్నారు. ఒక చదరపు సెంటీమీటరు అడ్డుకోత ఉన్న బోరు కేసింగ్ పైపును వాతావరణం చివరిదాకా నిలబెట్టామనుకోండి. ఆ పైపులో ఉన్న గాలి మొత్తం సెకనుకు 10 లక్షల ఫోటాన్లను అన్ని దిక్కులా వదిలితే అది 1 రేలీ. కంటికి ఆనీఆనని ఆకుపచ్చ అరోరా సుమారు 1,000 రేలీలు. రంగు స్పష్టంగా తెలిసేది 10,000 దగ్గర. నేల మీద నీడ పడేంత గట్టి అరోరా 10 లక్షల రేలీల వరకూ పోతుంది.

పరికరానికి ఇందులో దక్కేదెంత? వెలుగును లెక్కపెట్టే పరికరం ఫోటోమీటర్ కటకం వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లు, అది ఆకాశంలో చూసే గుండ్రటి ముక్క వెడల్పు 2 డిగ్రీలు అనుకుందాం. 1,000 రేలీల వెలుగు నుంచి సెకనుకు సుమారు 15 లక్షల ఫోటాన్లు లోపలికి వస్తాయి. ఫిల్టర్, కటకాలు, సెన్సార్ కలిసి అందులో 5 శాతాన్నే లెక్కలోకి తెస్తే 76,000 మిగులుతాయి. ఫోటాన్ల రాకలో సహజమైన ఎగుడుదిగుడు వాటి సంఖ్యకు వర్గమూలమంత ఉంటుంది. 0.1 సెకనుకో కొలత తీస్తే 7,600 ఫోటాన్లు, ఎగుడుదిగుడు 87, అంటే 1.1 శాతం దోషం. అదే పనిని ఆకాశం మొత్తాన్ని ఒకేసారి తీసే ఆల్ స్కై కెమెరా చేయాలంటే ఆ ఫోటాన్లను లక్షల పిక్సెళ్లకు పంచాలి. అందుకే కెమెరా ఒక్కో ఫ్రేముకు సెకన్లు తీసుకుంటుంది. ఫోటోమీటర్ వేగంగా కొలుస్తుంది కానీ ఆకాశంలో ఒక చుక్కను మాత్రమే.

ఈ బేరం అన్ని పరికరాల్లోనూ ఉంది. కెనడా, అలాస్కాల్లో థెమిస్ ప్రాజెక్టు కింద పెట్టిన ఇరవై ఆల్ స్కై కెమెరాల్లో రంగు ఫిల్టర్లే లేవు, తెల్ల వెలుగులో 3 సెకన్లకో ఫొటో. అరోరా ఏ క్షణాన ఎక్కడ భగ్గుమంటుందో పట్టుకోవడం వాటి పని. ఆ వేగం కోసం వర్ణ సమాచారాన్ని వదులుకున్నారు. స్పెక్ట్రోగ్రాఫ్ దీనికి తలకిందులు. సన్నని చీలిక గుండా ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఒక్క పట్టీని మాత్రమే చూస్తుంది, అయితే ఆ పట్టీలో 400 నుంచి 800 నానోమీటర్ల వరకూ ఏముందో మొత్తం చెబుతుంది.

## ఫిల్టర్ ఒరిగితే గీత తప్పిపోతుంది

గీతను వేరు చేసే ఇంటర్‌ఫెరెన్స్ ఫిల్టర్ వెడల్పు సాధారణంగా 2 నానోమీటర్లు. అంటే 557.7కు అటూఇటూ ఒక నానోమీటరు మాత్రమే వదులుతుంది. వెలుగు దాని మీద నిటారుగా పడితేనే ఈ లెక్క నిలుస్తుంది. 6 డిగ్రీలు ఒరిగి పడితే, పూతల సమర్థ వక్రీభవన గుణకం 2 అనుకుంటే, ఫిల్టర్ దారి 0.76 నానోమీటరు తక్కువ వైపుకు జరుగుతుంది. ఇంకొంచెం ఒరిగితే అరోరా గీత బయట పడిపోయి, పక్కనున్న చెత్త వెలుగే సెన్సార్‌కు చేరుతుంది. 180 డిగ్రీల ఆకాశాన్ని చూసే ఫిష్‌ఐ లెన్స్ వెనక ఫిల్టర్‌ను నేరుగా బిగిస్తే ఫొటో అంచులు అబద్ధం చెప్పేది అందుకే. అన్ని దిక్కుల కిరణాలనూ దాదాపు నిటారుగా మళ్లించే టెలిసెంట్రిక్ కటకాలను మధ్యలో పెడతారు. పరికరం ధరలో పెద్ద వాటా అక్కడే పోతుంది.

వేడి కూడా ఆటంకమే. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే ఫిల్టర్ దారి సుమారు 0.02 నానోమీటరు ఎక్కువ వైపుకు జరుగుతుంది. హీటర్ ఆగిపోయి గది 20 డిగ్రీలు చల్లబడితే 0.4 నానోమీటరు తేడా. ఆ రాత్రి అరోరా మందగించిందని రికార్డు చెబుతుంది, నిజానికి చెడింది థర్మోస్టాట్.

ఈ ఒరుగుడు లోపాన్నే కొందరు పనిముట్టుగా మార్చుకున్నారు. టిల్టింగ్ ఫిల్టర్ ఫోటోమీటర్‌లో ఫిల్టర్‌ను కావాలనే ముందుకూ వెనక్కూ ఒరిగిస్తారు. ఒక స్థితిలో గీత, నేపథ్యం కలిసి వస్తాయి, ఇంకో స్థితిలో నేపథ్యం మాత్రమే. రెండింటి తేడా అసలు గీత. చందమామ ఉన్న రాత్రి, పలుచని మబ్బు ఉన్న రాత్రి ఈ తీసివేత లేకపోతే అంకెకు అర్థం ఉండదు.

ఫిల్టర్ చక్రం తిప్పే కెమెరాల్లో ఇంకో ఇబ్బంది. ఐదారు ఫిల్టర్లు ఒక చుట్టు తిరగడానికి అర నిమిషం పడితే, నీలం కొలిచిన క్షణానికీ ఎరుపు కొలిచిన క్షణానికీ మధ్య అరోరా కిలోమీటర్ల దూరం జరిగిపోయి ఉంటుంది. ఆ రెండు ఫ్రేముల నిష్పత్తిని నమ్మడానికి లేదు.

రేలీలను లెక్కకట్టడానికి దీపంతో సరిచూసుకోవడం వేరే పని. తెల్లటి మ్యాట్ తెర మీద తెలిసిన తీవ్రత గల టంగ్‌స్టన్ దీపం వేసి, పరికరంతో ఆ తెరను చూస్తారు. దీపం దూరంలో 1 శాతం పొరపాటు పడితే వెలుగులో 2 శాతం తప్పు. నీలి కొనలో టంగ్‌స్టన్ దీపం బాగా మందం, కాబట్టి 427.8 దగ్గరే సరిచూత బలహీనం. దురదృష్టవశాత్తూ ఎలక్ట్రాన్ల శక్తిని చెప్పేది ఆ పట్టీయే.

## నీలం నుంచి శక్తి, ఎరుపు నుంచి గాలి

దిగే ఎలక్ట్రాన్లు చదరపు మీటరుకు 1 మిల్లీవాట్ శక్తి తెస్తే 427.8లో సుమారు 200 రేలీల వెలుగు వస్తుంది. కాబట్టి 1,000 రేలీలు కనిపిస్తే దాదాపు 5 మిల్లీవాట్లు. 1,000 ఎలక్ట్రాన్ వోల్టుల ఎలక్ట్రాన్లు 150 కిలోమీటర్ల చుట్టుపక్కల ఆగిపోతాయి, 10,000 వోల్టులవి 105 దాకా దిగుతాయి. శక్తి తక్కువైతే ఎరుపు పాలు పెరుగుతుంది, ఎక్కువైతే నీలం పాలు. 630.0, 427.8 నిష్పత్తిని చూసి శక్తిని అంచనా వేయడం పాత పద్ధతే. కానీ తుపాను సమయంలో పై వాతావరణంలో ఆక్సిజన్, నైట్రోజన్ పాళ్లే మారిపోతాయి, అప్పుడు అదే నిష్పత్తికి వేరే శక్తి వస్తుంది. సంధ్య వేళల్లో పై ఎత్తుల మీద ఎండ పడితే నైట్రోజన్ అయాన్లు సూర్యకాంతిని తిప్పికొట్టి నీలాన్ని ఎక్కువ చేసి చూపుతాయి.

ఎరుపు గీతతో ఇంకా సున్నితమైన పని జరుగుతుంది. 250 కిలోమీటర్ల ఎత్తున వీచే గాలి వేగాన్ని నేల మీది నుంచి కొలవడం. గాలి మన వైపు వస్తుంటే డాప్లర్ ప్రభావం వల్ల గీత కొద్దిగా జరుగుతుంది. సెకనుకు 100 మీటర్ల గాలికి ఆ జరుగుడు 0.00021 నానోమీటరు. ఏ ఫిల్టర్‌కూ ఇది అందదు. ఫాబ్రీ పెరో ఇంటర్‌ఫెరోమీటర్‌లో రెండు అతి నునుపైన గాజు పలకలను, ఉదాహరణకు 15 మిల్లీమీటర్ల ఎడంతో, సమాంతరంగా నిలబెడతారు. వెలుగు వాటి మధ్య అటూఇటూ ఎగిరి వలయాలుగా పడుతుంది. గీత జరిగితే వలయం వ్యాసార్థం మారుతుంది. పలకల ఎడం 5 నానోమీటర్లు మారినా 100 మీటర్ల గాలి వీచినట్టే కనిపిస్తుంది. అందుకే వేడికి వ్యాకోచించని గాజు సెరామిక్ దిమ్మెలను మధ్యలో పెట్టి, ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి, రాత్రంతా మధ్యమధ్య 632.8 నానోమీటర్ల హీలియం నియాన్ లేజర్‌తో వలయాలను సరిచూస్తారు.

అసలు తిప్పలు సున్నా దగ్గర ఉన్నాయి. గాలి లేనప్పుడు గీత ఎక్కడ ఉంటుంది? 630.0ను ప్రయోగశాలలో దీపంలా వెలిగించడం సాధ్యం కాదు. నిట్టనిలువు గాలి రాత్రి మొత్తం మీద సగటున సున్నా అని అనుకుని, నడినెత్తిన చూసిన కొలతనే సున్నాగా పెట్టుకుంటారు. మామూలు రాత్రి ఇది చెల్లుతుంది. పెద్ద అరోరా కింద గాలి వేడెక్కి పైకి లేస్తుంది, అప్పుడు సున్నా తప్పి, అన్ని దిక్కుల గాలులూ దానితో పాటే తప్పుతాయి.

## ఎత్తు కొలవడానికి రెండు కెమెరాలు

నార్వేలో కార్ల్ స్టోర్మర్ 1910 నుంచి వాడిన పద్ధతి ఇది. దూరంగా ఉన్న రెండు చోట్ల నుంచి ఒకే క్షణాన ఒకే అరోరాను ఫొటో తీసి, వెనకున్న నక్షత్రాలతో పోల్చి కోణాలు తీస్తారు. హనుమకొండకూ ములుగుకూ మధ్య సరళరేఖలో ఉన్నంత దూరం, సుమారు 45 కిలోమీటర్లు, రెండు కెమెరాల మధ్య ఉందనుకుందాం. దూరపు కెమెరాకు అరోరా కింది అంచు 50 డిగ్రీల ఎత్తున, దగ్గరి దానికి 68 డిగ్రీల ఎత్తున కనిపిస్తే, 45ను రెండు కోణాల కోటాంజెంట్ల తేడాతో (0.839 నుంచి 0.404 తీసివేస్తే 0.435) భాగించాలి. జవాబు 103 కిలోమీటర్లు. 50కి బదులు 51 చదివితే 111 వస్తుంది. ఒక్క డిగ్రీ తప్పు ఏడెనిమిది కిలోమీటర్లను మార్చేసింది.

గడియారాలు కలవకపోయినా ఇదే గతి. చురుకైన అరోరా సెకనుకు కొన్ని కిలోమీటర్లు కదులుతుంది. నేడు రెండు చోట్లా జీపీఎస్ సమయం వాడతారు. అంచు గజిబిజిగా ఉంటే మాత్రం రెండు ఫొటోల్లో ఒకే బిందువును గుర్తుపట్టడమే కష్టం. ఎర్రటి అరోరాకు పదునైన అంచు ఉండదు కాబట్టి ఈ పద్ధతి దానికి సరిగా పనిచేయదు.

## లద్దాఖ్ వాదనలో రెండు వైపులు

మొదటి వార్తల్లో హాన్లే ఎరుపును సార్ ఆర్క్ అన్నారు, అంటే నిలకడైన ఎర్రటి చాపం. 1956లో ఫ్రాన్స్‌లో బార్బియే దీన్ని గుర్తించాడు. తుపాను సమయంలో భూమి చుట్టూ తిరిగే ఆవేశిత కణాల వలయ ప్రవాహం నుంచి వేడి క్షేత్ర రేఖల వెంట కిందికి పాకి, 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎలక్ట్రాన్లను వేడెక్కిస్తుంది. ఆ వేడి ఎలక్ట్రాన్లకు ఆక్సిజన్‌లో 630.0ను వెలిగించే 1.96 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి సరిపోతుంది, ఆకుపచ్చకు సరిపోదు. పై నుంచి కణాలు దూకడం ఇందులో లేదు. చాపం నునుపుగా, తూర్పు పడమరలుగా గంటల తరబడి నిలుస్తుంది. ఆకుపచ్చ లేదు, ఎరుపే ఉంది, కాబట్టి సార్ ఆర్క్ అన్నది ఈ వాదన.

రెండో వైపు వాదన మొదట వేసిన లెక్కను ముందు పెడుతుంది. హాన్లే నుంచి 10 డిగ్రీల ఎత్తున కనిపించే 400 కిలోమీటర్ల ఎరుపు సుమారు 45 డిగ్రీల అక్షాంశం మీద, కజకిస్తాన్ ఆగ్నేయ మూలన ఉంటుంది. దాని కిందే 110 కిలోమీటర్ల దగ్గర ఆకుపచ్చ అరోరా భగభగమంటున్నా హాన్లేకు అది క్షితిజం కిందే. ఆకుపచ్చకు 10.6 డిగ్రీలే పరిమితి, ఇది 12 డిగ్రీల దూరం. కాబట్టి ఆకుపచ్చ కనిపించకపోవడం ఆకుపచ్చ లేకపోవడానికి రుజువు కాదు. పైగా శక్తి తక్కువున్న ఎలక్ట్రాన్లు దూకినా ఎక్కువగా ఎరుపే వస్తుంది. నిలువు కిరణాలు, వేగంగా కదిలే మరకలు కనిపిస్తే అరోరా పక్షానికి బలం.

రెండూ ఒకే రాత్రి వేర్వేరు గంటల్లో జరగడానికి కూడా అడ్డేమీ లేదు. తేల్చాలంటే ఎర్రటి ప్రాంతాన్ని 427.8లో కొలవాలి. సార్ ఆర్క్‌లో నైట్రోజన్ అయాన్ల వెలుగు ఉండదు. ఎత్తైన అరోరా కిరణాల్లో కొంతైనా ఉంటుంది. కానీ క్షితిజం దగ్గర నీలి వెలుగును గాలి ఎక్కువగా చెదరగొడుతుంది, అందుకే ఉన్నా చేరకపోవచ్చు. ఇంకా ఉత్తరాన ఉన్న కేంద్రాల కొలతలు, పైనుంచి ఎగిరే ఉపగ్రహాల కణ గణనలు కలిపితే తప్ప ఒక్క హాన్లే నుంచి ఈ కేసు మూయలేం.

ఇలాంటి పేచీ కెనడాలో స్టీవ్ అనే ఊదా రంగు పట్టీ విషయంలోనూ వచ్చింది. ఔత్సాహికులు ఫొటోలు తీశారు, 2018లో పరిశోధన పత్రం వచ్చింది. 2019లో సస్కాచెవాన్‌లోని స్పెక్ట్రోగ్రాఫ్ ఫలితాలు చూస్తే ఊదా పట్టీలో విడి గీతలకు బదులు ఎడతెగని వర్ణపటం కనిపించింది. మామూలు అరోరా అలా ఉండదు. దాని కింద కంచె కర్రల్లా నిలబడే ఆకుపచ్చ చారల్లో మాత్రం 557.7 గట్టిగా ఉంది. ఆ చారలను పై నుంచి దూకిన ఎలక్ట్రాన్లే వెలిగిస్తున్నాయా, అక్కడికక్కడే పుట్టిన విద్యుత్ క్షేత్రం వెలిగిస్తోందా అన్నది ఇంకా నలుగుతోంది.

## మన దేశపు కళ్లు ఎక్కడున్నాయి

అంటార్కిటికాలో భారత కేంద్రాలు రెండు. 70.8 డిగ్రీల దక్షిణాన మైత్రి, 69.4 డిగ్రీల దక్షిణాన భారతి. మ్యాపులో దాదాపు ఒకే అక్షాంశం. అయస్కాంత లెక్కలో మైత్రి అరోరా వలయపు వెలుపలి అంచు దగ్గర పడుతుంది, భారతి ధ్రువం వైపు లోపలికి పడుతుంది. తుపాను వస్తే వలయం వెడల్పై మైత్రి మీదికి వస్తుంది, భారతి నుంచి దూరం జరుగుతుంది. ఉత్తరాన స్వాల్‌బార్డ్‌లోని న్యూ అలెసండ్‌లో 2008 నుంచి హిమాద్రి ఉంది. అదే ద్వీప సమూహంలో లాంగ్‌యర్‌బైన్ దగ్గరున్న నార్వే కేంద్రం కెల్ హెన్రిక్‌సెన్ అబ్జర్వేటరీకి అరుదైన వెసులుబాటు ఉంది. 78 డిగ్రీల ఉత్తరాన నడి శీతాకాలంలో మధ్యాహ్నం కూడా చీకటే, కాబట్టి పగటి వైపు అరోరాను నేల మీది నుంచి చూడొచ్చు. వేసవిలో మాత్రం ఈ పరికరాలన్నీ మూతలు పెట్టుకుని కూర్చోవాల్సిందే.

## వరంగల్ మీద కూడా అవే గీతలు

అరోరా లేకపోయినా 557.7, 630.0 మన ఆకాశంలో ప్రతి రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. దీన్ని ఎయిర్‌గ్లో అంటారు. పగలంతా ఎండ విడగొట్టిన అణువులు రాత్రి మళ్లీ కలుస్తూ వదిలే వెలుగు ఇది. ఆకుపచ్చ 97 కిలోమీటర్ల దగ్గర వంద నుంచి రెండు వందల యాభై రేలీలు, ఎరుపు 250 కిలోమీటర్ల దగ్గర పదుల నుంచి కొన్ని వందల రేలీలు. కంటికి ఆనదు, పైన చెప్పిన ఫోటోమీటర్‌కు చక్కగా ఆనుతుంది. 100 రేలీలకు సెకనుకు 7,600 ఫోటాన్లు లెక్కకు వస్తాయి. తిరుపతి దగ్గరి గాదంకిలో, తిరునెల్వేలిలో, కొల్హాపూర్‌లో ఇలాంటి పరికరాలతోనే పరిశోధన జరిగింది.

ఇక్కడ వాటికి దొరికేది ప్లాస్మా బుడగలు. సూర్యాస్తమయం తర్వాత అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర అయనావరణం (పై వాతావరణంలో అయాన్లు, ఎలక్ట్రాన్లు ఉండే పొర) అడుగు భాగం నుంచి అయాన్లు తక్కువున్న గాలి బుడగల్లా పైకి లేచి, క్షేత్ర రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు సాగుతుంది. 630.0లో తీసిన ఆల్ స్కై ఫొటోలో ఇవి ఉత్తర దక్షిణంగా నల్లటి చారలుగా కనిపించి, సెకనుకు వంద మీటర్లకు అటూఇటూ వేగంతో తూర్పుకు జరుగుతాయి. అవి పైనుంచి పోతున్నంతసేపు జీపీఎస్ సంకేతం మినుకుమంటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. రెండో విడతలో మన వానలు సగం రాత్రులను తినేస్తాయి.

వరంగల్ చుట్టుపక్కల ఇలాంటి కెమెరా పెట్టాలంటే తాడ్వాయి అడవి వైపు మేలు, హనుమకొండ చౌరస్తా వైపు కుదరదు. తాడ్వాయిలో కూడా వాయవ్యాన భూపాలపల్లి, రామగుండం దీపాల తేట పొగమంచు మీద ప్రతిఫలిస్తుంది. ఏ దీపం ఎంత చెరుపు చేస్తుందన్నది దాని వర్ణపటాన్ని బట్టి ఉంటుంది. పాత సోడియం దీపాల వెలుగు 589 చుట్టూ గుమిగూడి ఉంటుంది, 2 నానోమీటర్ల ఫిల్టర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది. మెర్క్యురీ దీపపు 546.1 గీత 557.7కు దగ్గరే అయినా విడిగా ఉంటుంది. తెల్ల ఎల్‌ఈడీలు అలా కాదు. నీలం నుంచి ఎరుపు దాకా ఖాళీ లేకుండా పరుచుకుని రెండు గీతల కిందా నేపథ్యాన్ని లేపుతాయి. దాన్ని తీసేయడానికి పక్క తరంగదైర్ఘ్యంలో ఇంకో ఫిల్టర్ పెట్టి కొలిచి తీసివేయాలి. తీసివేసినా ఆ నేపథ్యపు ఫోటాన్ల ఎగుడుదిగుడు కొలతలో మిగిలే ఉంటుంది. నేపథ్యం గీత కంటే నాలుగు రెట్లు ఉంటే, దాన్ని పక్క ఫిల్టర్‌లో అంతే సేపు కొలిచి తీసివేసినప్పుడు, చీకటి చోట సెకనులో వచ్చే కచ్చితత్వానికి ఇక్కడ తొమ్మిది సెకన్లు పడుతుంది.